తెరమీది తెలుగుకు గొంతు వచ్చిన తీరు

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. దాని అధికారిక వెబ్‌సైటు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఎస్‌3వాస్ అనే ఉమ్మడి చట్రం మీద నడుస్తోంది. అందులో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. అక్షరాల సైజు పెంచుకునే మీటలూ ఉన్నాయి. చూపులేని పాఠకుడు, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని ఆ తెలుగును వినగలడు. ఒకప్పుడైతే ఇది జరిగే పని కాదు. అప్పట్లో తెరమీద తెలుగు కనిపించేది గానీ, అది తెలుగని కంప్యూటరుకు తెలియదు.

1990ల మొదట్లో ఇంటర్నెట్ చర్చావేదికల్లో తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. ఆ రాతకు ఒక పద్ధతి ఏర్పరచింది ఆర్‌టీఎస్. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దాన్ని రూపొందించారు. ప్రభుత్వమో కంపెనీయో పూనుకుని చేసిన పని కాదది. భాష మీద ఇష్టంతో ఇద్దరు చేసిన ప్రయోగం.

తర్వాత తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చాయి. ఒక్కో పత్రిక తన సొంత ఫాంటు తెచ్చుకుంది. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే తెలుగు ముక్కలను కూర్చేవారు. తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో, కొమ్ము మరో గడిలో. గళ్లు 256కు మించవు కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేయక తప్పలేదు. ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఫాంటు ఫాంటుకూ మారేది. ఫాంటు లేని కంప్యూటరులో ఆ వార్త పిచ్చిగీతల్లా కనిపించేది. స్క్రీన్ రీడర్ దాన్ని చదవబోతే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే వినిపించేవి. వెతికినా దొరికేది కాదు. ఊరూరా డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లదీ ఇదే తీరు. అచ్చుకు అవి బాగా పనికొచ్చాయి, వినడానికి మాత్రం పనికిరాలేదు.

పరిష్కారం కాగితం మీద అప్పటికే ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతిగా 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్లు దక్కాయి. అందులో దాచేది అక్షరం ఆకారాన్ని కాదు, అక్షరాన్నే. సిద్దిపేట అనే మాట తొమ్మిది సంకేతాల వరుసగా నిలుస్తుంది. ఒత్తును ఎక్కడ పెట్టాలో ఫాంటు చూసుకుంటుంది, ఎలా పలకాలో మాట యంత్రం చూసుకుంటుంది. అయినా ఇది మామూలు వాడుకలోకి రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు.

ఈ చరిత్రలో అసలు మలుపు తెచ్చినవి చిన్న ప్రోగ్రాములే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం పద్మ అనే పొడిగింపు రాశారు. పత్రికల సొంత ఫాంట్ల గజిబిజిని అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. 2006లో వీవెన్ లేఖిని తెచ్చారు. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా బ్రౌజరులోనే, ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయగలిగే పేజీ అది. తెలుగు బ్లాగర్లలో ఎందరో తొలి వాక్యాన్ని అందులోనే రాశారు. పెద్ద సంస్థలు ఏళ్ల తరబడి పట్టించుకోని అవసరాన్ని కొద్దిపాటి జావాస్క్రిప్ట్ తీర్చింది.

అదే 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ మొదలుపెట్టాడు. దానికి గొంతునిచ్చే ఈస్పీక్‌కు తెలుగూ వచ్చు. గొంతు మరబొమ్మదే, కానీ మాట అర్థమవుతుంది. యూనికోడ్ తెలుగు పెరిగినకొద్దీ అది చదవగలిగిన సరుకూ పెరిగింది.

చిక్కులు అంతటితో తీరలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు కంటికి కనిపించని ఒక సంకేతం తోడైన వరుస వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు గుణింతాలను, ఒత్తులను సరిగా పరీక్షించకపోతే ఎంత పెద్ద సంస్థ అయినా బోల్తా పడుతుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

చట్టం నెమ్మదిగా వెంట నడిచింది. వెబ్ పేజీలు దివ్యాంగులకూ అందేలా ప్రపంచవ్యాప్తంగా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు తొలిసారి 1999లో వచ్చాయి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వెలువడ్డాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్‌3వాస్ లాంటి ఉమ్మడి చట్రాలతో ఒక మేలు ఉంది. చట్రాన్ని ఒకసారి సరిగా కడితే, ప్రతి జిల్లా కేంద్రంలో ఈ విద్య తెలిసిన మనిషిని వెతకక్కర్లేదు. అయితే చట్రం ఎంత బాగున్నా, అందులోకి ఎక్కించే కాగితాన్ని అది బాగుచేయలేదు. పాత ఫాంటులో కూర్చిన పీడీఎఫ్, స్కాన్ చేసిన ఉత్తర్వు, వివరణ రాయని ఫొటో స్క్రీన్ రీడర్‌కు ఇప్పటికీ మూగవే.

2023 జూన్ 15న సిద్దిపేట శివారు నాగులబండ దగ్గర ఐటీ టవర్ ప్రారంభమైంది. వెబ్ పని హైదరాబాద్ దాటి జిల్లా కేంద్రానికి వచ్చింది. అక్కడ కోడు రాసేవాళ్లకు పై చరిత్ర తమ రోజువారీ పనికి సంబంధించినదే. తెలుగు పేజీకి తెలుగని భాషా గుర్తు పెట్టకపోతే, స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో దాన్ని చదవబోయి తడబడుతుంది. ఆ గుర్తుకు పట్టేది కోడులో ఒక్క మాట.

ఇది ఇప్పుడు హక్కుల మాట కూడా. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది.