క్రాంజి గోడల మీద ఎవరి పేర్లు?

క్రాంజి ఎపిసోడ్ విన్నాక చాలామంది అడిగింది ఒకటే: "ఆ గోడల మీద మనవాళ్లు ఉన్నారా?" ఆడియోలో గబగబా చెప్పేశాం కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా రాస్తున్నాను.

క్రాంజి ఎమ్మార్టీ దగ్గర దిగి వుడ్‌ల్యాండ్స్ రోడ్డు వెంట ఓ పావుగంట నడిస్తే చాలు. టికెట్ లేదు. గుట్ట మీద విమానం తోకలా నిలబడ్డ కట్టడాన్ని ఆ వైపు డార్మిటరీల్లో ఉండేవాళ్లు లారీలోంచి చూసే ఉంటారు. 1942 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం దిగిన చోట్లలో క్రాంజి ఒకటి. తర్వాత ఇక్కడ యుద్ధఖైదీల శిబిరం పెట్టారు. ఆ ఖైదీలు మొదలుపెట్టిన చిన్న శ్మశానమే ఇప్పుడు మనం చూసేది. సమాధులు 4,400కు పైనే. వాటిలో 850కి పైగా ఎవరివో తెలియవు. పైన గోడల మీద ఉన్న 24,000కు పైగా పేర్లు సమాధి కూడా లేని సైనికులవి. దీన్ని 1957 మార్చి 2న ఆవిష్కరించారు.

ఇక మనవాళ్ల సంగతి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో లొంగిపోయిన సైన్యంలో దాదాపు సగం మంది భారతీయులే. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు, నిజమే. కానీ మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళంలోకి తమిళులతో పాటు తెలుగువాళ్లనీ తీసుకునేవారు. వాళ్ల పని వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, వెనక్కి తగ్గాల్సి వస్తే ఆ వంతెనల్నే పేల్చేయడం. సైట్లో పనిచేసేవాళ్లకి ఆ చివరి పని ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. నిజాం సంస్థానం పంపిన హైదరాబాద్ పటాలం ఒకటి మలయాలో కోట భారు విమానాశ్రయం కాపలాకి ఉండేది.

చాలామంది ముందువైపు ఫొటో దిగి వచ్చేస్తారు. పెద్ద స్మారకం వెనక్కి వెళ్లండి. అక్కడ ఇంకొకటి ఉంది, దహనం చేసినవాళ్ల కోసం. దాదాపు 800 పేర్లు, ఎక్కువగా భారత సైనికులవి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో చాలామంది భారత సైనికుల పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఫోన్‌లో మీ జిల్లా పేరు పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో వెతికి చూడండి. విశాఖపట్నం అంటే అప్పటి రాతల్లో వైజాగపటం.

లొంగిపోయిన రెండు రోజులకి, ఫిబ్రవరి 17న, భారత ఖైదీలందర్నీ ఫారర్ పార్కులో కూర్చోబెట్టారు. 40,000కు పైగా మనుషులు. ఆదివారం లిటిల్ ఇండియా వెళ్లేవాళ్లకి ఎంత దగ్గరో తెలుసు, పెరుమాళ్ గుడి నుంచి నడిచిపోవచ్చు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమని పిలుపు ఇచ్చింది అక్కడే. కొందరు చేరారు, కొందరు ఖైదీలుగానే ఉండిపోయారు. తర్వాత నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణం చేసిన ఆబిద్ హసన్ మన హైదరాబాద్‌వాడు. "జై హింద్" ఆయన పెట్టిన మాటే అంటారు. ఫౌజ్‌లో చనిపోయినవాళ్ల స్మారకానికి నేతాజీ 1945 జులై 8న ఎస్ప్లనేడ్‌లో శంకుస్థాపన చేశారు. సెప్టెంబరులో బ్రిటిష్‌వాళ్లు తిరిగొచ్చి దాన్ని కూల్చేశారు. ఇప్పుడు ఆ చోట ఉన్నది 1995లో పెట్టిన గుర్తు మాత్రమే.

నన్ను ఎక్కువగా పట్టేసింది మాత్రం మూడో గుంపు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి మలయా రబ్బరు తోటలకి వెళ్లిన కూలీలు. 1942-43లో సయాం-బర్మా రైలుమార్గం వేయడానికి జపాన్‌వాళ్లు తోటల నుంచి తమిళుల్ని, తెలుగువాళ్లని వేలల్లో తోలుకుపోయారు. అదే పనిలో చచ్చిపోయిన యుద్ధఖైదీలు 12,000కు పైగా. వాళ్లకి కాంచనబురిలో వరసగా సమాధులున్నాయి. కూలీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు, దానికి అంచనాలే తప్ప జాబితా లేదు. సైనికుడికి నంబరుంది, రిజిస్టరుంది, పింఛను కోసం రాసుకున్న ఇంటి చిరునామా ఉంది. కూలీకి అవేవీ లేవు.

మీ ఇంట్లో "మలయా పోయి తిరిగి రాలేదు" అని చెప్పుకునే తాత ఎవరైనా ఉంటే, ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్లని అడిగి పేరు, ఊరు, ఏ తోటో రాసిపెట్టండి. మాకు వాయిస్ మెసేజ్ పంపితే వచ్చే ఎపిసోడ్‌లో ఆ పేర్లు చదువుతాం.