డొమైన్ పేరు, బ్రాండ్ విలువ: తాండూరు కంది ఉదాహరణ

ఇంటర్నెట్‌లో ఒక సంస్థకు చిరునామాగా ఉండే పేరే డొమైన్ పేరు. కంప్యూటర్ల అంకెల చిరునామాలు జనానికి గుర్తుండవు కనుక, వాటి బదులు పేర్లు వాడే వ్యవస్థను 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించారు. 1985 మార్చి 15న సింబాలిక్స్ డాట్ కామ్ తొలి డాట్ కామ్ పేరుగా నమోదైంది. ముందు అడిగినవారికే పేరు అన్న పద్ధతి, వ్యాపారాలు నెట్‌లోకి వచ్చాక తగాదాలకు మూలమైంది. వాటిని తీర్చడానికి, డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 1999లో ఉమ్మడి విధానం తెచ్చింది. పేరు పొట్టిగా, పలకడానికి తేలికగా ఉంటే చాలని చాలామంది నమ్ముతారు. అది సగం నిజమే. పేరు వెనక ఉన్న హక్కు, నమ్మకం ఎంత గట్టివన్నదే అసలు కొలమానం.

మన దేశంలో ఈ సంగతిని తేల్చింది సిఫీ కేసు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలతో 'సిఫీ' అన్న మాటను కల్పించుకుని 1999లో డొమైన్ పేర్లుగా నమోదు చేసింది. తర్వాత సిఫీనెట్ సొల్యూషన్స్ అనే సంస్థ దాదాపు అదే ఉచ్చారణతో పేర్లు తీసుకుంది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు లక్షణాలు ఉంటాయని 2004 మే 6న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే నమోదు రసీదు ఒక్కటే హక్కు కాదు. కల్పించిన మాటకు మరో అర్థం లేకపోవడం సిఫీకి కలిసొచ్చింది.

ఈ లెక్కన ఊరి పేరు బలహీనమైన బ్రాండ్ అనిపిస్తుంది. రోమన్ లిపిలో తాండూరును రొట్టెలు కాల్చే తందూరు పొయ్యితో పొరబడవచ్చు. మంచిర్యాల జిల్లాలోనూ మరో తాండూరు మండలం ఉంది. అయినా వికారాబాద్ జిల్లాలోని తాండూరుకు నేల ఇచ్చిన బలం ఉంది. సున్నపురాయి నిక్షేపాలున్న ఇక్కడి లోతైన నల్లరేగడిలో అట్టాపుల్గైట్ బంకమన్ను ఉంటుంది. అందులో వర్షాధారంగా పండే కంది రుచికీ, చక్కగా ఉడకడానికీ పేరుపొందింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తుతో 2022 డిసెంబరులో 'తాండూరు కంది'కి భౌగోళిక గుర్తింపు దక్కింది. కల్పిత పదానికి ఈ రుజువు ఉండదు.

డొమైన్ పేరును డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. భౌగోళిక గుర్తింపు హక్కును మాత్రం అమ్మడానికీ, తాకట్టు పెట్టడానికీ 1999 నాటి చట్టంలోని 24వ సెక్షన్ ఒప్పుకోదు; అది ఆ ప్రాంత ఉత్పత్తిదారులందరిదీ. కాబట్టి తాండూరు పేరున్న డొమైన్ వ్యాపారి చేతిలో ఉంటే అది కేవలం చిరునామా. ఆ గుర్తింపుకు అధీకృత వినియోగదారులుగా నమోదైన రైతుల చేతిలో ఉంటే బ్రాండ్. కొనుగోళ్లన్నీ యాప్‌లలోనే జరుగుతున్నప్పుడు డొమైన్ ఎందుకని అడగవచ్చు. యాప్‌లో నిబంధనలు యాప్ యజమానివి. గుర్తింపు వివరాలు, పండిన ఊరు, పంట ఏడాది రైతులు తమ మాటగా చెప్పుకోవడానికి సొంత చిరునామా కావాలి. ఊరి పేరుకు 'కంది' చేర్చితే పొయ్యితో తికమకా తప్పుతుంది. పేరు కాస్త పొడవైనా, దాన్ని నిలబెట్టే హక్కుదారులు ఉన్నప్పుడే అది మంచి బ్రాండ్.