నీలి మేజోళ్ల గోష్ఠి

వ్రాయుట ఏకాంతమున జరుగు పని. కాని వ్రాసినది నిలుచునో నిలువదో తెలియవలెనన్న వినువారు కావలెను. మన పూర్వకవులకు రాజసభ యుండెను. సభ దొరకనివానికి వీధియరుగుమీది నలుగురు మిత్రులైన నుండిరి. స్త్రీ కలము పట్టినప్పుడో? ఆమె పద్యమును విని, ఇచ్చట భావము చెడినది, ఇచ్చట మాట యెక్కువైనది అని చెప్పువారెవరు? ఈ చిక్కు మన దేశముననే కలిగినది కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండున కొందఱు స్త్రీలు దీనికొక యుపాయము కనిపెట్టిరి. దాని మంచిని, దాని కొఱతను గూడ మనము తెలిసికొనదగును.

ఆ కాలమున లండను నగరమున పురుషులకు కాఫీ అంగళ్లు, పానశాలలు గోష్ఠీస్థానములు. 1764లో చిత్రకారుడగు రెనాల్డ్సు ప్రేరణమున జాన్సను పండితుడు, బర్కు, గోల్డుస్మిత్తు మున్నగు తొమ్మండుగురు జెరార్డు వీధిలోని యొక పానశాలలో వారమున కొకమాఱు కూడి సాహిత్య ప్రసంగములు చేయ మొదలిడిరి. ఆ సంఘమున స్త్రీలకు చోటు లేదు. గౌరవస్త్రీలు విందులకు పోయినను, భోజనానంతరము వారికి మిగులునది పేకాటయే. పండితుడు పురుషులతో మాటలాడుచుండ, పండితురాలు ముక్కలు పంచుచు కూర్చుండవలసినదే.

ఎలిజబెత్తు మాంటేగు అను సంపన్నురాలు 1750 తరువాత తన యింట ఈ పద్ధతిని మార్చెను. ఎలిజబెత్తు వెసీ, ఫ్రాన్సెసు బాస్కవెను అను మఱి యిద్దఱు తమ యిండ్లలో నట్లే చేసిరి. పేకముక్కలు లేవు, మద్యము లేదు. తేనీరు, నిమ్మపానకము, సంభాషణము మాత్రమే. మాంటేగు అతిథులను అర్ధచంద్రాకారముగా కూర్చుండబెట్టెడిది. వెసీకి ఆ క్రమము గిట్టక, కుర్చీలను గదినిండ చెదరవేసి, చెవుడు గలది కావున వినికిడి గొట్టమును చేతబట్టుకొని గుంపునుండి గుంపునకు తిరిగెడిదట. స్టిల్లింగుఫ్లీటు అను వృక్షశాస్త్రజ్ఞుడు పట్టు మేజోళ్లకు మాఱుగా నీలపు ఉన్ని మేజోళ్లు తొడుగుకొని వచ్చెడివాడు. అతని మాట లేనిదే గోష్ఠి రక్తికట్టదని చెప్పుకొనుటలో ఈ గోష్ఠికే 'నీలి మేజోళ్లు' అను పేరు వచ్చినది. మగవాని కాళ్లనుండి పుట్టిన యీ పేరు కాలక్రమమున చదువుకొన్న యాడుదానిని వెక్కిరించు మాట యైనది! వెక్కిరింతకు పాత్రురాలు కావలసివచ్చినప్పుడు లోకము స్త్రీని ఎన్నడును మఱచిపోదు.

ఈ గోష్ఠివలన నిజముగా జరిగిన పని యేమని యడుగువారికి ఎలిజబెత్తు కార్టరు చరిత్రము చాలును. ఆమె కెంటు మండలమందలి డీలు అను సముద్రతీర పట్టణమున మతాచార్యుని కూతురు. తండ్రి లాటిను, గ్రీకు, హెబ్రూ నేర్పబూనెను గాని, ఆమె మందబుద్ధిని చూచి తొలుత నిరాశ చెందెను. ఆమె విడువలేదు. నిద్ర రాకుండ నస్యము పీల్చుచు, తడిగుడ్డ తలకు చుట్టుకొని రాత్రులు చదివెను. తరువాతి కాలమున ఆమె గ్రీకు పాండిత్యమును జాన్సనే మెచ్చుకొనెను. ఆమె ఎపిక్టీటసును అనువదింపను గలదు, పిండివంటను చేయను గలదు అని కూడ ఆయన కొనియాడెను. పురుషపండితుని మెచ్చునప్పుడు వానికి వంట వచ్చునా యని ఎవరును విచారింపరు గదా!

ఆ ఎపిక్టీటసు అనువాదము పుట్టిన విధము వ్రాతగాండ్రందఱును గమనింపదగినది. 1749లో కేథరీను టాల్బటు అను చెలికత్తె కోరగా, ఆమె చదువుకొనుటకై కార్టరు దానిని మొదలిడి, కొన్ని కొన్ని పుటలుగా పంపుచుండెను. టాల్బటు ఏ బిషప్పు సెకరుగారి యింట పెరిగెనో, ఆయనయు ఆ పుటలను చూచి దిద్దుచుండెను. కార్టరు మొదట అలంకారభూయిష్ఠమైన శైలిలో వ్రాసెను. బానిసగా బ్రతికి, మోటమాటలతో తత్త్వము చెప్పిన వానికి ఆ నగలు పెట్టరాదనియు, సాదా నుడికారమే తగుననియు సెకరు వాదించెను. ఆమె ఒప్పుకొని శైలిని మార్చుకొనెను. 1758లో చందాదారుల సహాయముతో అచ్చైన ఆ గ్రంథము ఆమెకు వేయి పౌనులకు దగ్గఱగా ఆర్జించిపెట్టినది. నూఱేండ్లకు పైగా చదువబడినది. నలుగురు చదివి మంచిదనుటకన్న, ఒకరు చదివి తప్పనుట గ్రంథకర్తకు మేలు చేసిన సందర్భమిది.

మాంటేగు స్వయముగా వోల్టేరు నెదిరించి షేక్స్పియరును సమర్థించుచు 1769లో పేరు లేకుండ ఒక విమర్శగ్రంథమును ప్రకటించెను. ఆ గోష్ఠిలోనివారే స్త్రీలు తమ పేరు దాచుకొనవలసిన కాలమది.

ఇంతవరకు మంచియే. ఇక బ్రిస్టలు నగరపు కథ. 1784 ప్రాంతమున హన్నా మూరు అను రచయిత్రి యింటి వంటలక్క దగ్గఱకు ఆన్ యియర్స్‌లీ అను పాలమ్మెడి స్త్రీ తన పందికొఱకు కుడితికై వచ్చెడిది. ఆమె పద్యములు వ్రాయునని మూరునకు తెలిసెను. ఆ శీతకాలము ఆ కుటుంబము తిండిలేక చావునకు సిద్ధమైయుండెను. మూరు ఆ పద్యముల వ్యాకరణమును, వర్ణక్రమమును దిద్ది, మాంటేగు పేర ఉత్తరరూపమైన పీఠిక వ్రాసి, వేయిమందికి పైగా చందాదారులను కూర్చి 1785లో అచ్చువేయించెను. ఇది సామాన్యమైన ఉపకారము కాదు. తన వ్రాతపని మానుకొని పరులకొఱకు ఇంతగా తిరిగినవారిని ఎంతమందిని చూచితిమి?

వచ్చిన ధనమును మూరు, మాంటేగు తామే ధర్మకర్తలై వడ్డీకి పెట్టించిరి. వడ్డీ మాత్రము ఆమెకు. ఆకాలపు శాసనము ననుసరించి భార్య సంపాదన భర్త సొత్తు. 1870, 1882 సంవత్సరముల చట్టములు వచ్చువరకు ఆ స్థితి మాఱలేదు. కావున భర్త చేతికి చిక్కకుండ ధనమును కాపాడుట మూరు ఉద్దేశము. మూరునకు కూడ ఏటేట రెండువందల పౌనుల వర్షాశనము ఇతరులు ఏర్పాటుచేసినదే. ఆ కట్టుబాటు ఆమెకు అవమానముగా తోచియుండదు. కాని యియర్స్‌లీ తన పిల్లల ధనముపై తనకును అధికారముండవలెనని, తననుగూడ ధర్మకర్తగా చేర్పుమని కోరెను. మూరు కృతఘ్నురాలని కోపించెను. వ్రాతప్రతులు తిరిగి యిమ్మని యడుగగా అవి కాలిపోయినవని జవాబు వచ్చినట్లు యియర్స్‌లీ వ్రాసికొన్నది. 1786లో తన పక్షమును తానే వ్రాసి పుస్తకపు నాల్గవ కూర్పునకు ముందు చేర్చెను.

నా తీర్పు యియర్స్‌లీ పక్షమే. పురుషులు తమను చిన్నపిల్లలుగా చూచుచున్నారని బాధపడిన విదుషీమణులు, తమకన్న పేదదైన విదుషిని సరిగా అట్లే చూచిరి. తేనీటి బల్లచుట్టు కూర్చున్న కుర్చీలలో పాలమ్మి కుర్చీ యొక్కటియు లేదు. ఆమె పద్యమును దిద్దువారు కలరు. ఆమె దిద్దగా వినువారు లేరు. కార్టరు పుటలను సెకరు దిద్దినప్పుడు తుదిమాట కార్టరుది. ఆ భేదమే సర్వమును.

ఆయినను యియర్స్‌లీ కలము ఆగలేదు. 1787లో మఱియొక పద్యసంపుటము వెలువడెను. 1788లో బానిసవ్యాపారమును ఖండించుచు మూరు ఒక కావ్యమును, యియర్స్‌లీ ఒక కావ్యమును ప్రకటించిరి; ఇద్దఱును ఒక్క యధర్మమునే నిందించిరి, ఒకరితో నొకరు మాటలాడకయే. 1789లో ఆమె నాటకము బ్రిస్టలులోను, బాతులోను ప్రదర్శింపబడెను. 1793లో ఆమె బ్రిస్టలు హాట్‌వెల్సున అద్దెకు పుస్తకములిచ్చు గ్రంథాలయమును తెఱచెను. 1806లో, కార్టరు మరణించిన యేటనే, ఆమెయు మరణించెను.