పగులు గోడది, నింద చెట్టుది

చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునే వాళ్లను చూస్తూనే ఉన్నాం. చెట్టు పేరు చెప్పి పొరుగింటివాళ్లతో తగువు పడేవాళ్లూ, బీమా సొమ్ముకు అడ్డం చెప్పేవాళ్లూ కూడా ఉంటారు. గోడ పగిలిందంటే చాలు, పెరట్లో వేపచెట్టు మీద పడతారు. పాపం, దానికి నోరు లేదు గనక దాని తరఫున కాస్త చరిత్ర చెప్పుకుందాం.

హిమాయత్‌సాగర్ పక్కనున్న బుద్వేల్ నే తీసుకోండి. 2023 ఆగస్టులో అక్కడ దాదాపు 100 ఎకరాల సర్కారు భూమి వేలం వేస్తే 3,600 కోట్ల రూపాయల పైమాటే పలికింది. అంత పోసి కొన్నా, నాలుగు గజాలే కొన్నా, ఇల్లు కట్టేముందు వాస్తుతో పాటు అడగాల్సింది ఇంకొకటుంది: కింద మన్ను ఏమిటని.

రాతి మీద ఎర్రమన్నయితే అంతగా కదలదు. చేవెళ్ల వైపు వెళ్లేకొద్దీ కనిపించే నల్లరేగడి అలా కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుకుంటుంది. పునాది పక్కన పెద్ద చెట్టుంటే వేసవిలో దాని వేళ్లు మిగిలిన తడిని కూడా తాగేస్తాయి. మన్ను ముడుచుకుంటుంది, పునాది ఒకవైపు కుంగుతుంది, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా పగులుతుంది. వేరు గోడను తోసిందనుకుంటాం గానీ, చాలాసార్లు అది చేసింది నీళ్లు తాగడమే! ఈ నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాదిని రూపొందించారు.

నిజంగా గోడను చీల్చేది రావి, మర్రి. పిట్ట రెట్టలో పడ్డ గింజ పాత సున్నపు గోడ సందులో మొలుస్తుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులను పందొమ్మిదో శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ బాగుచేయించాడు. మళ్లీ 2013లో ఆగాఖాన్ ట్రస్టు పని మొదలుపెట్టవలసి వచ్చింది. పాత కట్టడాలకు ఒక్కసారి మరమ్మతు చేసి ఊరుకుంటే చాలదు. మొక్కగా ఉన్నప్పుడు పీకని రావిని మానయ్యాక పీకితే గోడే ఊడి వస్తుంది.

ఇక బీమా సంగతి. ఇంగ్లండులో 1971 నుంచి ఇళ్ల పాలసీల్లో నేల కుంగుబాటును చేర్చారు. ఐదేళ్లకే, 1976లో, ఘోరమైన కరువు వచ్చింది. లండన్ బంకమన్ను ఎండి ఇళ్లు బీటలిచ్చాయి, క్లెయిములు వరదలా వచ్చిపడ్డాయి. అక్కడే ఒక వీధి చెట్టు వేళ్ల వల్ల ఫ్లాట్ల పునాది దెబ్బతిన్న కేసు పై కోర్టుదాకా వెళ్లింది. నష్టం సంగతి తెలియజేసినా, తగినంత వ్యవధి ఉన్నా, చెట్టు సంగతి చూడలేదు గనుక మరమ్మతు ఖర్చు నగరపాలకులదేనని 2001లో తీర్పు వచ్చింది. తెలియజేయడం! కీలకమంతా అక్కడే ఉంది.

మన దగ్గర 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్షా పాలసీలోనూ ఇంటి కింది నేల కుంగితే రక్షణ ఉంది. అయితే కొత్త ఇల్లు సర్దుకోవడంలో వచ్చే మామూలు పగుళ్లకు, పూడ్చిన నేల దిగినందుకు, నాసిరకం పనికి, పక్కన తవ్వకాలవల్ల జరిగినదానికి వర్తించదు. తగువంతా అందుకే వస్తుంది. మీరు నేల కుంగిందంటారు, సర్వేయరు మేస్త్రీ పని బాగాలేదంటాడు.

మగవాళ్లు పాలసీని బీరువాలో దాచిపెడతారే గానీ చదవరు. మీరు చదవండి. పిల్లల ఎత్తు గుమ్మానికి గీతలు పెట్టి కొలిచినట్టే, పగులు కొసల దగ్గర పెన్సిలు గీత గీసి తేదీ వేయండి. ఎండాకాలం వెడల్పయి వానల్లో మూసుకుంటుంటే అది నేల చెప్పే సాక్ష్యం. ఫొటోలు తీసి కంపెనీకి ఉత్తరం రాయండి. కాదన్నా, నెలరోజుల్లో పలక్కపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాదులోనే ఆఫీసుంది. 50 లక్షల వరకు విచారిస్తారు. ఫీజూ లేదు, వకీలూ అక్కర్లేదు.

ఒక్క మాట. కోపంలో గొడ్డలి పట్టకండి. పెద్దచెట్టును ఉన్నపళాన కొట్టేస్తే, అది తాగే నీరంతా నేలలోనే మిగిలి నల్లరేగడి ఉబ్బుతుంది, ఈసారి గోడ పైకి లేస్తుంది. అప్పుడు నింద వేయడానికి చెట్టు కూడా ఉండదు.