చోటు మారిన విజయపురి

జపాన్‌లోని నారా నగరంలో తొదైజీ మహాబుద్ధ మందిరాన్ని చూసేవారు ఎనిమిదో శతాబ్దపు ఆలయంలో అడుగుపెట్టామనుకుంటారు. నిజానికి ఆ మందిరం 1180లో ఒకసారి, 1567లో మరోసారి యుద్ధాల్లో తగలబడింది. ఇప్పుడున్నది 1709లో పూర్తయింది, వెడల్పులో మొదటిదానికంటే చిన్నది. అయినా ఎవరూ దాన్ని నకలు అనరు. మన పల్నాడులో, నాగార్జునసాగర్ ఆనకట్ట నీట మునిగిన లోయలోంచి కట్టడాలను తెచ్చి నిలిపిన నాగార్జునకొండకు లాంచీలో వెళ్లివచ్చినవారి నోట మాత్రం తరచూ ఒకే మాట: అసలువన్నీ సాగర్ నీళ్లలో ఉన్నాయి, పైనున్నవి తెచ్చిపెట్టినవి. ఈ చిన్నచూపు న్యాయం కాదు. నారాలో కలప మారింది, చోటు నిలిచింది. ఇక్కడ రాయి నిలిచింది, చోటు మారింది. కాబట్టి నాగార్జునకొండలో మనం పోగొట్టుకున్నది కట్టడాల ప్రాచీనతను కాదు, వాటి మధ్య ఉన్న పొందికను.

ఆ పొందిక ఎంత విలువైనదో శాసనాలే చెబుతాయి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఆ లోయలోని విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తుంటే, వారి ఇంటి ఆడవాళ్లు బౌద్ధ సంఘాన్ని పోషించారు. రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ దానంతో మహాచైత్యం వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో పూర్తయింది. అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది, రాణి కాని ఉపాసిక బోధిశ్రీ శాసనం. చుళధమ్మగిరి మీద ఆమె కట్టించిన చైత్యగృహం సింహళ థేరులకోసం. వారు ధర్మం చాటిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారంతోపాటు చీనా కూడా ఉంది. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం కట్టించిందీ ఆమే. అంటే దూరదేశాల భిక్షువులకు ఏ గుట్ట మీద, ఏ విహారంలో నీడ దొరికిందో శాసనం చదివి చూపించగలిగిన లోయ అది. ఇప్పుడు కొండ మీద కట్టడాలు పక్కపక్కనే ఉంటే, రాజధాని ఎక్కడ, గుట్టలెక్కడ, కృష్ణ ఎక్కడ అన్నది చూసేవారికి అందదు.

కలప గుడిని రాతి కట్టడంతో పోల్చడమేమిటని ఎవరైనా అడగవచ్చు. విజయపురి విహారాలు ఎక్కువగా ఇటుకవే. పల్నాటి సున్నపురాయిని స్తంభాలకు, శిల్పఫలకాలకు వాడారు. ఇటుకను మళ్లీ పేర్చడం కలపను మార్చడం కంటే పెద్ద కల్తీ ఏమీ కాదు. ఇంకో అభ్యంతరం బలమైనది: తొదైజీలో నేటికీ భిక్షువులున్నారు, పూజ ఉంది, ఇక్కడ లేదు. అది ఒప్పుకోవాలి. అయితే ఆ తెగుదలకు ఆనకట్ట కారణం కాదు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఈ శిథిలాల సంగతి అధికారులకు తెలిపేనాటికే విహారాలు పాడుబడి చాలా శతాబ్దాలైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశాక కూడా, పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1960 దాకా లోయను తవ్వి నమోదు చేసింది. తొమ్మిది ముఖ్య కట్టడాలను కొండ మీద తిరిగి నిలిపారు, మరికొన్నిటికి అనుపులో చోటు దొరికింది. నీళ్లు కావాలా, లోయ కావాలా అన్న వాదన ఇక అనవసరం. పల్నాడుకు నీళ్లు కావలసిందే.

పోయిన పొందికను కొంతైనా చూపేందుకు చేయగలిగిన పని మాత్రం ఒకటుంది. కొండ మీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది. లాంచీ దిగినవారికి ముందు దాన్ని చూపించి, బోధిశ్రీ గుట్ట ఎక్కడుండేదో తెలుగులో చెప్పి, ఆ తర్వాతే కట్టడాల దగ్గరికి తీసుకెళ్లాలి.