నూకలు మిగిలినవాళ్లు చెప్పిన మాట

గండం గట్టెక్కిన మనిషిని చూసి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో "భూమ్మీద ఇంకా నూకలున్నయి" అంటారు. కాస్త తేరుకోగానే మొక్కు చెల్లించడానికి బయలుదేరుతారు. ఒకరు యాదగిరిగుట్ట నరసింహస్వామికి, ఒకరు కురుమూర్తి స్వామికి, మరొకరు హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే జాన్‌పహాడ్ దర్గాకు. "పానం పోయి మర్లొచ్చింది" అని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ నడుమ ఆ మనిషికి ఏం కనబడిందన్న ముచ్చట మాత్రం ఇంటి అరుగు దాటేది కాదు. అలాంటి ముచ్చట్లను వైద్యలోకం చెవిన వేసుకోవడానికి చాలా కాలం పట్టింది.

మొదటి అడుగు వేసింది వైద్యుడు కాదు. స్విట్జర్లాండ్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్ ఆల్ప్స్ కొండల్లో జారిపడి బతికి బయటపడ్డాడు. తనలాగే పడి బతికినవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది 1892లో అచ్చు వేశాడు. పడిపోతున్న ఆ క్షణాల్లో చాలామందికి భయం లేదు, నొప్పి లేదు, గడిచిన జీవితం కళ్లముందు తిరిగింది.

అసలు మలుపు 1960లో వచ్చింది. ఛాతీని చేతులతో నొక్కి ఆగిన గుండెను తిరిగి కొట్టించవచ్చని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ చూపించారు. దాంతో మరణం అంచుదాకా వెళ్లి వచ్చేవాళ్లు పెరిగారు, వాళ్లు చెప్పే కథలూ పెరిగాయి. వాటిని పోగుచేసి 1975లో రేమండ్ మూడీ పుస్తకంగా తెచ్చాడు. ఇలాంటి అనుభవాలను కొలవడానికి 1983లో బ్రూస్ గ్రేసన్ 16 ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశాడు.

మన దేశంలో ఈ పని చేసినవాళ్లలో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా ముఖ్యురాలు. ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి ఆమె ఉత్తరాదిలో సేకరించిన 16 ఉదంతాలు 1986లో అచ్చయ్యాయి. మూడీ పుస్తకంలోని అమెరికన్లు చీకటి సొరంగం, వెలుగు, తమ ఒంటిని తామే పైనుంచి చూసుకోవడం గురించి చెప్పారు. ఇక్కడివాళ్లను యమభటులు వచ్చి తీసుకుపోయారు. అక్కడ ఒకరు చిట్టా తిప్పి చూసి, తప్పు మనిషిని తెచ్చారని కోప్పడి వెనక్కి పంపారు. ఒక ఉదంతంలో పిలిపించింది తోటమాలిని, భటులు పట్టుకొచ్చింది అదే పేరున్న విద్యార్థిని!

మన ఊళ్లలో ఇది ఎవరికీ వింతగా తోచదు. చిత్రగుప్తుని చిట్టా మనకు పురాణ కాలక్షేపాల్లో విన్నదే. 1977లో వచ్చిన 'యమగోల' చూసినవాళ్లకు యముడంటే కైకాల సత్యనారాయణే కళ్లముందు నిలుస్తాడు. అందుకే నాకు తోచేది ఇది: ఆ అంచున మనసుకు కలిగే అనుభూతి అందరిదీ కావచ్చు, దానికి రూపం ఇచ్చేది మాత్రం మనం పెరిగిన ఇల్లే. అంతమాత్రాన అది కట్టుకథ అయిపోదు.

గుండె ఆగి బతికిన 344 మందిని నెదర్లాండ్స్‌లో పిమ్ వాన్ లోమెల్ బృందం పరిశీలించింది. 2001లో 'లాన్సెట్' అచ్చువేసిన ఆ అధ్యయనంలో ఇలాంటి అనుభవం చెప్పినవాళ్లు 62 మంది, అంటే నూటికి 18 మంది. ఏళ్లు గడిచాక మళ్లీ అడిగితే, ఆ అనుభవం లేనివాళ్ల కంటే వీళ్లలో చావు భయం తగ్గింది, మరణం తర్వాత ఏదో ఉందన్న నమ్మకం పెరిగింది. మరోపక్క, గుండె ఆగిన ఎలుకల మెదడులో కొన్ని క్షణాలపాటు చురుకుదనం ఎగసిపడుతుందని 2013లో మిచిగన్ పరిశోధకులు చూపారు. ఆ చురుకుదనమే ఈ దృశ్యాలకు మూలమా అన్నది ఇంకా తేలలేదు.

మన దగ్గర 2005 నుంచి 108 అంబులెన్స్ తిరుగుతోంది. ఛాతీ నొక్కి గుండెను కొట్టించే ఆ పద్ధతిలో, అంటే సీపీఆర్‌లో, 2023లో తెలంగాణ ప్రభుత్వం శిక్షణ మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఇప్పుడు వైద్య కళాశాలలున్నాయి. ఇకముందు మర్లొచ్చేవాళ్లు ఇంకా ఎక్కువవుతారు. వాళ్లను "యముడు కనబడ్డడా?" అని అడగొద్దు, మన ప్రశ్నే వాళ్ల నోట జవాబవుతుంది. "ఏమన్నా యాదికున్నదా?" అని మాత్రం అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి. నవ్వి కొట్టిపారేస్తే వాళ్లు మళ్లీ నోరు విప్పరు. భూతవైద్యుని దగ్గరికి ఈడ్చుకుపోతే, పోయిన భయాన్ని మనమే తిరిగి తెచ్చిపెట్టినట్టు అవుతుంది.