మోన్స్ దేవదూతలు

మోన్స్ దేవదూతలు: మొదటి ప్రపంచయుద్ధం తొలి నెలలో, బెల్జియంలోని మోన్స్ పట్టణం దగ్గర వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సేనను దివ్యశక్తులు అడ్డునిలిచి కాపాడాయన్న గాథ. యుద్ధం జరిగింది 1914 ఆగస్టు 23న. గాథ బ్రిటన్ అంతటా పాకింది 1915 వేసవిలో. దీనిమీద నడిచిన వాదాలన్నీ ఈ రెండింటి నడిమి నెలల చుట్టూ తిరిగినవే. కాపాడింది ఎవరన్న దగ్గరా కథనాలు కలవవు: కొన్నిటిలో రెక్కల దేవదూతలు, కొన్నిటిలో గుర్రమెక్కిన సెయింట్ జార్జ్, కొన్నిటిలో వింత మేఘం, ఫ్రెంచి సైనికుల పేరిట వచ్చిన వాటిలో సెయింట్ మైకేల్ లేదా జోన్ ఆఫ్ ఆర్క్. దేవదూతల మీద నమ్మకం ఎలా పుట్టి ఎలా నిలుస్తుందో తేదీలవారీగా, కాగితాల ఆధారంగా చూడడానికి వీలున్న ఉదంతాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

యుద్ధం, తిరోగమనం

సర్ జాన్ ఫ్రెంచ్ నాయకత్వంలోని బ్రిటిష్ సేన మోన్స్-కోండే కాలువ వెంబడి జర్మన్ ఒకటో సైన్యాన్ని ఎదుర్కొంది. జర్మన్ల సంఖ్య దాదాపు రెట్టింపు. దెబ్బ ఎక్కువగా తగిలింది స్మిత్-డొరియన్ నడుపుతున్న రెండో కోర్‌కు. ఆ రోజు బ్రిటిష్ నష్టం మృతులు, క్షతగాత్రులు, ఆచూకీ దొరకనివారు కలిపి సుమారు 1,600. జర్మన్ నష్టంపై ఏకాభిప్రాయం లేదు. 2,000 మొదలుకొని 5,000 దాకా అంకెలు కనిపిస్తాయి. పక్కనున్న ఫ్రెంచి సైన్యం వెనుదిరగడంతో మర్నాడు తిరోగమనం మొదలై సెప్టెంబరు 5 దాకా సాగింది. ఆగస్టు 26న లె కాటో దగ్గర ఆగి పోరాడడం మినహాయిస్తే అది రేయింబవళ్ల నడక. నడిచిన దూరం సుమారు 320 కిలోమీటర్లు. రెట్టింపు బలగం వెంటపడుతున్నా సేన చిక్కకుండా బయటపడింది గనుక దాన్ని అద్భుతమన్నవారు మొదటినుంచీ ఉన్నారు. సైనిక చరిత్రకారులు మాత్రం బ్రిటిష్ కాల్బలం రైఫిలు వేగాన్నీ, జర్మన్ సేనాని ఫాన్ క్లుక్ శత్రువు వెళ్లే దారిని తప్పుగా అంచనా వేయడాన్నీ కారణాలుగా చూపుతారు.

మాకెన్ కథ

ఆర్థర్ మాకెన్ (1863–1947) వేల్స్‌కు చెందిన రచయిత. 1890లలో భయానక కథలతో పేరు తెచ్చుకుని, కొంతకాలం ఒక రహస్య తాంత్రిక సంఘంలో సభ్యుడిగా ఉండి, 1910 నుంచి బతుకుతెరువుకు లండన్ 'ఈవినింగ్ న్యూస్' పత్రికలో పనిచేస్తున్నాడు. మోన్స్ తిరోగమనం గురించిన తొలి కలవరపు వార్తలు ఆగస్టు 30 ఆదివారం పత్రికల్లో వచ్చాయి. అవి చదివిన కలతలోనే కథ ఊహ పుట్టిందని తర్వాత చెప్పాడు. 'ది బోమెన్' అన్న ఆ చిన్న కథ సెప్టెంబరు 29న అచ్చయింది.

కథలో చావు ఖాయమనుకున్న సైనికుల్లో ఒకడికి, లండన్‌లో ఒక శాకాహార భోజనశాల పళ్లేలమీద చూసిన లాటిన్ ప్రార్థన గుర్తొస్తుంది. సెయింట్ జార్జ్‌ను ఇంగ్లీషువారికి అండగా రమ్మని పిలిచే వాక్యం అది. అతను దాన్ని పైకి అనగానే 1415 నాటి అజిన్‌కోర్ విలుకాళ్లు వెలుగు వలయాలతో వరుసకట్టి కనబడతారు. శత్రువులు వేలల్లో కూలతారు, ఒంటిమీద గాయాలుండవు. విషవాయువు వాడారనుకుంటారు జర్మన్ అధికారులు. ఈ కథలో దేవదూత అన్నవాడు ఒక్కడూ లేడు. అయితే ఇది కల్పిత కథ అని పత్రిక ఎక్కడా సూచించలేదు, కథనమూ చూసినవాడు చెప్పుకుపోతున్నట్టే సాగుతుంది. పత్రిక చేసిన ఈ చిన్న అశ్రద్ధకు ఈ గాథ గురించి రాసినవారు తగినంత విలువ ఇవ్వలేదనిపిస్తుంది.

కొద్ది రోజుల్లోనే అతీంద్రియ విషయాలు ప్రచురించే 'అకల్ట్ రివ్యూ', 'లైట్' పత్రికల సంపాదకులు ఆధారాలేమిటని మాకెన్‌ను అడిగారు. అంతా తన కల్పనేనని అతను జవాబిచ్చాడు. తర్వాత చర్చిల పత్రికలనుంచి పునర్ముద్రణకు అనుమతి కోరుతూ ఉత్తరాలొచ్చాయి. వాటిలో ఒక మతాచార్యుడి ఉత్తరం గురించి మాకెన్ వివరంగా రాశాడు. కథను కరపత్రంగా వేస్తాను, మీకు ఈ సంగతి చెప్పినవారెవరో ముందుమాటలో రాసివ్వండి అని ఆయన కోరిక. చెప్పినవారెవరూ లేరని మాకెన్ రాస్తే, మీరు పొరబడుతున్నారు, అసలు సంగతి నిజమే అయివుండాలి, మీరు చేసింది దానికి నగిషీలు చెక్కడమే అని బదులొచ్చింది. 1915 ఆగస్టులో కథను పుస్తకంగా తెస్తూ మాకెన్ పెద్ద పీఠిక రాసి, సాహిత్యంలో ఓడినా తెలియకుండానే మోసంలో గెలిచానని వాపోయాడు. తన విలుకాళ్లు దేవదూతలైన తీరును కూడా ఊహించాడు: మేలు చేసే వెలుగురూపం అంటే ఇంగ్లీషు జనానికి తోచేది దేవదూతే గనుక, కథ నోటినుంచి నోటికి మారేసరికి విలుకాళ్లు ఆ రూపం దాల్చారన్నది అతని వివరణ.

1915: గాథ వ్యాప్తి

కథ అచ్చయిన తర్వాత ఆరు నెలలకు పైగా సందడి లేదు. 1915 ఏప్రిల్ 24న 'లైట్' పత్రికలో మోన్స్ దగ్గర రెండు సైన్యాల మధ్య ఒక వింత మేఘం నిలిచిందన్న కథనం వచ్చింది. మే నెలలో బ్రిస్టల్ దగ్గరి క్లిఫ్టన్‌లోని ఆల్ సెయింట్స్ చర్చి పత్రిక, ఇద్దరు సైనికాధికారులు దేవదూతల గుంపును చూశారనీ, జర్మన్ గుర్రాలు బెదిరి పారిపోయాయనీ రాసింది. వారినుంచి విన్నట్టుగా ఒక చర్చి ప్రముఖుడి కుమార్తె పేరు ఇచ్చింది. ఆ సంచికకు ఎంత గిరాకీ వచ్చిందంటే ఆ కథనాన్ని మళ్లీ వేయవలసి వచ్చింది. వేదికలమీద ప్రసంగాలు సాగాయి, కరపత్రాలు అమ్ముడుపోయాయి, వాల్ట్జ్ పాటలు కూడా కట్టారు. తీరా ఆరా తీస్తే, ఆ అధికారులు ఎవరో తనకు తెలియదని ఆమె చెప్పింది. ఆ ఖండనను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ వేసవిలో ప్రత్యక్షసాక్షులుగా నిలబడ్డవారు లేకపోలేదు. ఒక లాన్స్ కార్పొరల్ ఆకాశంలో మూడు ఆకారాలను, నడిమిదానికి చాచిన రెక్కలను చూశానన్నాడు. చెషైర్ రెజిమెంట్ సైనికుడొకడు మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రమే ఇచ్చాడు. రెజిమెంటు రికార్డు తిరగేస్తే మోన్స్ యుద్ధం నాటికి అతను ఫ్రాన్సులోనే లేడని తేలింది. ఫ్రాన్సులో నర్సుగా పనిచేశానన్న ఫిలిస్ కాంప్‌బెల్, గాయపడ్డవారు తనను సెయింట్ జార్జ్ పటం అడిగారని రాసింది. ఆమె కథనాలు ఆకర్షణీయమైనవే, కానీ ఆధారంగా నిలవవు. మాకెన్‌కు జవాబుగా హెరాల్డ్ బెగ్బీ 1915లోనే ఒక పుస్తకం రాశాడు. యుద్ధభూమిలో చనిపోతున్న సైనికుడి మనసులోని దృశ్యమే లండన్‌లో కూర్చున్న మాకెన్ మనసుకు అంది ఉండవచ్చు గదా అన్నది అందులోని ఒక వాదన. అప్పుడు రచయిత ఎంత గట్టిగా కాదన్నా లాభం లేదు. ఆ కాదనడమే ఔననడానికి సాక్ష్యమైపోతుంది.

అతీంద్రియ విషయాలను సానుభూతితోనే పరిశీలించే సైకికల్ రీసెర్చ్ సొసైటీ తరఫున శ్రీమతి సాల్టర్ చేసిన విచారణ ఆ డిసెంబరులో వెలువడింది. విచారించదగిన ప్రత్యక్షసాక్ష్యం ఒక్కటీ దొరకలేదని, ఉన్నదంతా కర్ణాకర్ణిగా వచ్చిందేనని ఆమె తేల్చింది. సమకాలిక పరిశీలనల్లో దీన్ని మించినది లేదు. ఇంత జరిగాక కూడా 1960లలో చరిత్రకారుడు ఎ.జె.పి. టేలర్, మోన్స్‌లో దివ్యసహాయం ఎంతోకొంత నమ్మదగిన రీతిలో కనబడిందని రాశాడు. అది ఆయన కొంటెతనం అయివుండవచ్చు. దాన్ని సూటిగా తీసుకుని ఉటంకించినవారు ఉన్నారు.

మాకెన్‌కు ముందే ఉందా?

మాకెన్ కల్పనే మూలం అనేవారికి ఎదురుగా చూపే పెద్ద ఆధారం ఒక్కటే. బ్రిగేడియర్ జనరల్ జాన్ చార్టరిస్ 1931లో ప్రచురించిన పుస్తకంలో, 1914 సెప్టెంబరు 5 నాటి ఉత్తరం పేరిట ఒక భాగం ఉంది. తెల్లగుర్రంమీద, తెల్లటి దుస్తుల్లో, మండే ఖడ్గంతో దేవదూత జర్మన్లను అడ్డుకున్నాడన్న కథ రెండో కోర్‌లో జోరుగా నడుస్తున్నదని అందులో రాసి ఉంది. తేదీ నిజమైతే కథ మాకెన్ కంటే మూడు వారాలకు పైగా పాతది. అయితే 2004లో ఈ గాథపై సమగ్ర గ్రంథం రాసిన డేవిడ్ క్లార్క్, చార్టరిస్ భార్యకు రాసిన అసలు ఉత్తరాలను పరిశీలించి, అటువంటి ప్రస్తావన వాటిలో కనబడలేదన్నాడు. పుస్తకం కూర్చేటప్పుడు చేర్చి ఉండాలన్నది అతని అనుమానం. చార్టరిస్ తర్వాతి కాలంలో సైనిక గూఢచార విభాగాధిపతి కావడంతో ఈ గాథ ప్రభుత్వమే వదిలిందన్న ఊహా ఉంది. దానికి కాగితపు ఆధారం లేదు. ప్రస్తుతానికి క్లార్క్ తీర్పే బలమైనదిగా కనబడుతుంది.

అలాగని సైనికులు ఏమీ చూడలేదనడం కూడా సరికాదు. 1915 సెప్టెంబరులో పేరు వెల్లడించని ఒక లెఫ్టినెంట్ కల్నల్ 'ఈవినింగ్ న్యూస్'లో తన అనుభవం రాశాడు. లె కాటో యుద్ధం మర్నాటి రాత్రి గుర్రంమీద వెళ్తుండగా, దారికి రెండువైపులా పొలాల్లో అశ్వికదళాలు తమతో సమంగా నడుస్తున్నట్టు చాలాసేపు కనబడ్డాయి. పక్కనున్న అధికారులూ చూశామన్నారు. మనుషులను పంపి వెతికిస్తే అక్కడ ఎవరూ లేరు. అతను వాటిని దేవదూతలనలేదు; అందరూ అలసి సొలసి ఉన్నామని తానే ఒప్పుకున్నాడు. రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ సిపాయి ఫ్రాంక్ రిచర్డ్స్ 1933 నాటి జ్ఞాపకాల్లో ఇంకా సూటిగా చెప్పాడు. రాత్రి నడకలో తూగుతున్న తోటివాడు ఏమీ లేని పక్కకు చూపించి, అదుగో కోట అన్నాడట. దేవదూతలంటూ ఎవరైనా చూసివుంటే ఆ రాత్రే చూసివుండాలని రిచర్డ్స్ వ్యాఖ్య. నిద్రలేమికి మించిన వివరణ అక్కడ అక్కర్లేదు.

నమ్మకానికి కారణాలు

యుద్ధంలో దివ్యసహాయం మోన్స్‌తో మొదలైంది కాదు. మారథాన్‌లో (క్రీ.పూ. 490) థీసియస్ కనబడ్డాడని గ్రీకులు, రెగిల్లస్ సరస్సు దగ్గర కాస్టర్, పోలక్స్ తమ పక్షాన పోరాడారని రోమన్లు చెప్పుకున్నారు. బైబిలు రెండో రాజుల గ్రంథంలో ఎలీషా చుట్టూ అగ్నిరథాలున్నాయి. అష్షూరు దండులో 1,85,000 మందిని యెహోవా దూత ఒక్క రాత్రిలో హతమార్చాడు. బద్ర్ యుద్ధంలో (624) దైవదూతలు తోడు వచ్చారన్నది ముస్లింల విశ్వాసం. దూతలను నమ్మడం ఇస్లాంలో విశ్వాస మూలాంశాల్లో ఒకటి. కనుక 1915లో ఇంగ్లీషు పాఠకుడికి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేకపోయింది. చర్చిలో చిన్నప్పటినుంచీ విన్న అచ్చులో కొత్త వార్త ఒదిగిపోయింది.

దేవదూతలపై నమ్మకానికి సాధారణంగా చెప్పే మనోవైజ్ఞానిక కారణాలు రెండు మూడు. పొదలో కదలిక కనబడితే గాలి అనుకోవడం కంటే ఎవరో ఉన్నారనుకోవడమే ప్రాణానికి క్షేమం గనుక, మనిషి మెదడు ఎక్కడైనా ఒక కర్తను ఊహించడానికి మొగ్గుతుందని స్టూవర్ట్ గత్రీ (1993), జస్టిన్ బారెట్ వంటివారి వాదన. విపరీతమైన అలసటలో పక్కన ఎవరో ఉన్నారనిపించడం మరొకటి. 1916 మేలో సౌత్ జార్జియా మంచుకొండలు దాటిన ముగ్గురికీ నాలుగోవాడు తోడున్నట్టు తోచిందని, వారిలో ఒకడైన అన్వేషకుడు షాకిల్టన్ రాశాడు. మూడోది ఓదార్పు. అమెరికాలో 2023 నాటి అసోసియేటెడ్ ప్రెస్-నార్క్ సర్వేలో 69 శాతం వయోజనులు దేవదూతలున్నారని నమ్ముతున్నట్టు తేలింది. యుద్ధమూ లేమీ లేని ఇళ్లలోనూ ఈ నమ్మకం నిలిచి ఉందంటే భయం ఒక్కటే కారణమనడం కుదరదు.

కానీ ఈ సిద్ధాంతాలు ఒకడికి ఏదో ఎందుకు కనబడుతుందో చెబుతాయి. మోన్స్‌లో చూసినవాడి కంటే విన్నవాడే ముఖ్యుడు. అందువల్ల వదంతులపై 1947లో ఆల్పోర్ట్, పోస్ట్‌మన్ రాసిన సూత్రం ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది: విషయం ఎంత ప్రాణప్రదమో, సమాచారం ఎంత అస్పష్టమో, వదంతి అంత బలం పుంజుకుంటుంది. 1915 వసంతంలో రెండూ పరాకాష్ఠకు చేరాయి. ఏప్రిల్ 22న ఈప్ర్ దగ్గర విషవాయువు, మూడు రోజులకు గలిపొలీ దాడి, మే 7న 1,200 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్న లుసిటేనియా ఓడ మునక, మే 31న లండన్‌పై తొలి జెప్పెలిన్ గాలిఓడ బాంబులు. సెన్సారు కారణంగా పత్రికల్లో నిజం పలచబడింది. కొడుకుల క్షేమం తెలియని ఇళ్లకు, దేవుడు మన పక్షాన ఉన్నాడన్న మాట మంత్రుల ప్రకటనకంటే విలువైనది. దాన్ని చెప్పినవారు ముక్కూమొహం తెలియనివారు కారు. చర్చి గురువో, ఎరిగినవారి అమ్మాయో, ఆసుపత్రి నర్సో చెబుతుంటే దేవదూతలను చూశారన్న ఆ పేరులేని అధికారులెవరని ఎవరూ నిలదీయలేదు. అనుమానించడం దేశభక్తికి లోటన్న భావమూ ఉంది. ఆ సెప్టెంబరులో కొడుకు రేమండ్‌ను పోగొట్టుకున్న భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్, అతనితో పరలోక సంభాషణలంటూ 1916లో రాసిన పుస్తకానికి దక్కిన ఆదరణనూ ఈ వరుసలోనే చూడాలి.

తర్వాతి రూపాలు

1930లో, మోన్స్ దేవదూతలు జర్మన్ విమానాలు మేఘాలపైకి ప్రసరించిన సినిమా బొమ్మలని ఒక జర్మన్ గూఢచార అధికారి వెల్లడించినట్టు పత్రికల్లో వార్త వచ్చింది. అటువంటి అధికారి ఎవరూ లేరని జర్మన్ వర్గాలు వెంటనే ఖండించాయి. మార్సెల్ గిల్లిస్ 1934లో గీసిన చిత్రం మోన్స్ పురభవనంలో ఉంది. అందులో దేవదూతలతోపాటు విలుకాళ్లూ ఉండడంవల్ల రెండు కథలూ ఆ ఊళ్లో కలిసిపోయాయనుకోవాలి. 2001లో, మన్మత్ పట్టణంలోని పాత సామాన్ల దుకాణంలో దేవదూతను చిత్రించిన ఫిల్ము రీలు దొరికిందని ఒక ప్రముఖ ఆదివారం పత్రిక ప్రచురించింది. మరుసటి ఏడాది, దొరికిందన్న వ్యక్తే అది తాను అల్లిన కథ అని బీబీసీ రేడియోలో ఒప్పుకున్నాడు.